సూట్ వేసుకున్నాక కళ్లూ చెవులూ పనిచేయడం లేదు, ఏం చేయాలి?

వానలో_వీరుడు
నవ్వేవాళ్లు ముందే నవ్వేసుకోండి. సియాటెల్ పక్కన ఉంటాను. పగలు టెస్టింగ్ ఉద్యోగం. మూడు నెలలుగా శుక్రవారం రాత్రుళ్లు ఇక్కడి ఒక చిన్న బృందంతో మాస్క్, సూట్ వేసుకుని తిరుగుతున్నా. ఎవరినీ కొట్టం. రోడ్డు మీద పడుకునేవాళ్లకి నీళ్ల సీసాలు, సాక్సులు ఇస్తాం. తాగి తూలేవాళ్లని క్యాబ్ ఎక్కిస్తాం. అవసరమైతే 911కి ఫోన్ చేస్తాం.

పోయిన వారం మూసేసిన షాపు గుమ్మంలో ఒకాయన గోడకి ఆనుకుని గురక పెడుతున్నాడు. పాపం నిద్రపోతున్నాడులే అని పక్కన సాక్సులు పెట్టి వెళ్లిపోయా. నా వెనకే వస్తున్న మా టీమ్ ఆవిడ ఆగింది. ఆయన ముఖం మీద లైటు వేసింది. పెదాలు నీలంగా ఉన్నాయి. అది గురక కాదు, డ్రగ్ ఎక్కువై ఊపిరి అందక వచ్చే చప్పుడట. ముక్కులో నలాక్సోన్ స్ప్రే (మత్తుమందు ప్రభావాన్ని తిప్పికొట్టే మందు) కొట్టి, నన్ను పిలిచి ఫోన్ చేయించింది. బతికాడు.

తర్వాత ఆవిడ ఒకటే అడిగింది: "ఆయన పక్కన ఇంకొకడు కూర్చున్నాడు, చూశావా?" చూడలేదు. మొత్తం ఒక మనిషినే చూడలేదు!

ఏడాదిగా జిమ్, కరాటే, పరుగు అన్నీ చేశాను. బుర్రకీ కళ్లకీ చెవులకీ జిమ్ ఏదైనా ఉందా?

పెసరట్టు_ఉప్మా
సూట్ ఎక్కడ కొన్నావ్?

గోదారి_గట్టు
సాక్సులు ఇవ్వడానికి మాస్క్ ఎందుకు నాయనా? మామూలు చొక్కాతో వెళ్తే పుచ్చుకోరా? మీ వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని ఒక ప్రశ్న ఉంటుంది. కేసు నిలబడిందా లేదా అన్నది తర్వాతి మాట. ముందు ఆ ప్రశ్నకి ఏం రాస్తావో ఆలోచించుకో, తర్వాత కళ్లూ చెవులూ.

నైట్‌షిఫ్ట్_నర్సు
తమ్ముడూ, నీ చెవులు బాగానే ఉన్నాయి. చప్పుడు విన్నావు కదా. విన్నదానికి నీ బుర్ర తప్పు పేరు పెట్టింది, అంతే. అది చెవుల జబ్బు కాదు.

నాకూ తొలి ఏడాది ఇదే జరిగింది. ఆపరేషన్ అయిన పెద్దాయన హాయిగా గురక పెడుతున్నాడని చార్టులో "నిద్రపోతున్నారు" అని రాసి పక్క మంచానికి వెళ్లా. సీనియర్ వచ్చి ఆయన్ని ఒక్క కుదుపు కుదిపింది. లేవలేదు. నొప్పి మందు ఎక్కువైంది. ఆ రాత్రి తర్వాత "నిద్రపోతున్నారు" అన్న మాట లేపి చూడకుండా రాయలేదు.

నువ్వు నేర్చుకోవాల్సింది సూక్ష్మ శ్రవణం కాదు. మూడు పనులు. పిలువు, భుజం తట్టు. పలక్కపోతే రొమ్ము ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దు. ఊపిరి లెక్కపెట్టు, నిమిషానికి పది పన్నెండు కంటే తక్కువైతే అనుమానించు. కనుపాప గుండుసూది మొనంత ఉందేమో చూడు. పెదాలు నీలంగానే ఉంటాయని కూర్చోకు, మనలాంటి చామనఛాయ వాళ్లకీ నల్లవాళ్లకీ బూడిద రంగులో కనిపిస్తాయి. పెదవి లోపలి వైపు, గోళ్లు చూడాలి. స్ప్రే కొట్టాక రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే ఇంకో డోసు. లేచి కూర్చుని "నేను బాగానే ఉన్నా, పోండి" అన్నా వదలకూడదు. స్ప్రే ప్రభావం దిగిపోయాక మళ్లీ ఊపిరి ఆగొచ్చు.

2023 నుంచి అమెరికాలో ఆ స్ప్రే డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతోంది. నీ బెల్టులో ఇంకేం ఉన్నా లేకపోయినా అది ఉండాలి.

వానలో_వీరుడు
అక్కా, బెల్టులో రెండు ఉన్నాయి. ఆ రాత్రి కూడా ఉన్నాయి. అదే కదా బాధ.

పృచ్ఛకుడి_మనవడు
మా తాతగారు అష్టావధానాల్లో పృచ్ఛకుడిగా, అంటే అవధానిని ప్రశ్నలతో పరీక్షించేవాడిగా కూర్చునేవారు, చిన్నప్పుడు నన్ను వెంట తీసుకెళ్లేవారు. నువ్వు అడిగిన జిమ్ మన దగ్గర ఎప్పటినుంచో ఉంది బ్రదర్.

చుట్టూ ఎనిమిది మంది. ఒకరు సమస్య ఇస్తారు (పద్యంలో ఒక పాదం, మిగతాది అవధాని పూరించాలి), ఒకరు దత్తపది (ఇచ్చిన మాటలు పద్యంలో వాడాలి), ఒకరు నిషిద్ధాక్షరి అంటూ అక్షరం అక్షరానికీ అడ్డం పడతారు. మధ్యలో ఒకాయన గంట కొడుతుంటాడు. ఇంకొకరు వెనక నుంచి అవధాని వీపు మీదికి పూలు విసురుతుంటారు. పద్యం అల్లుతూనే గంటలెన్నో, పూలెన్నో లెక్క తప్పకూడదు. చివర్లో ధారణ, పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. వీపుకి తగిలిన పువ్వుని లెక్కపెట్టడం కంటే స్పర్శకి సాధన ఏముంటుంది?

ఇంట్లో ఇలా చెయ్యి. ఏదైనా చదువుతూ కూర్చో. ఎవరినైనా ఇష్టం వచ్చినప్పుడల్లా గ్లాసు మీద చెంచాతో కొట్టమను. పది నిమిషాల తర్వాత రెండూ చెప్పు: చదివిందేమిటి, ఎన్నిసార్లు మోగింది. మొదటి వారం రెండూ పోతాయి. నాకైతే నెలకి కుదిరింది.

పెసరట్టు_ఉప్మా
సూట్ లోపల చెమట పట్టదా? వానకి తడిస్తే ఆరడానికి ఎంతసేపు?

పృచ్ఛకుడి_మనవడు
అవధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశం ఉంటుంది. ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన పని. ఈ చర్చలో ఆ కుర్చీ పెసరట్టు గారిదే.

పెసరట్టు_ఉప్మా
శాలువా పంపండి.

చీకటి_కెమెరా
రాత్రి ఆకాశం ఫొటోలు తీస్తాను కాబట్టి కళ్ల గురించి చెప్తా. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెర చూశావా, ఆ కష్టమంతా పాయె. మళ్లీ మొదటి నుంచి. ఎర్ర లైటు వాడితే నష్టం తక్కువ. ఫోన్ చూడక తప్పకపోతే ఒక కన్ను మూసుకుని చూడు, మూసిన కన్ను చీకటిలోనే ఉంటుంది.

ఇంకోటి. మసక వెలుతురులో దేన్నైనా చూడాలంటే సూటిగా చూడొద్దు, కాస్త పక్కకి చూడు. చీకట్లో పనిచేసే కణాలు కంటి నడిమధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి. మసక నక్షత్రాన్ని గుడ్లప్పగించి చూస్తే మాయమవుతుంది, పక్కకి చూస్తే మళ్లీ వస్తుంది. ఈ రాత్రే డాబా ఎక్కి చూసుకోండి.

మీ టీమ్‌లో ఎవరైనా సాక్సులు ఇస్తూ ఫొటోలకి ఫ్లాష్ కొడుతుంటే ముందు వాళ్లని ఆపు.

వానలో_వీరుడు
కొడతారు. ఆ రాత్రి కూడా రెండు నిమిషాల ముందే గ్రూప్ ఫొటో దిగాం. ఇది నాకు తట్టనే లేదు.

తెల్లకర్ర
నాకు పుట్టుకతో చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తే ఇదంతా విన్నాను. ముందే చెప్తున్నా, చూపు లేనివాళ్లకి చీమ నడక వినిపిస్తుందనేది సినిమా కబుర్లు. నా చెవులూ మీ చెవుల్లాంటివే. వాడకం వేరు.

అమెరికాలో డేనియల్ కిష్ అని ఒకాయన ఉన్నారు. 13 నెలల వయసుకే రెండు కళ్లూ పోయాయి. నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేసి, అది తిరిగొచ్చే తీరుని బట్టి గోడ ఎక్కడుందో, కారు ఎక్కడుందో పట్టుకుంటారు. సైకిల్ కూడా తొక్కుతారు. నేను అంత దూరం వెళ్లలేదు గానీ లిఫ్ట్ తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది చప్పుడుతో చెప్పగలను. ఎవరైనా కొన్ని వారాలు కూర్చుంటే వస్తుంది.

నా ప్రశ్న వేరే. ఆ మాస్క్ చెవుల్ని కప్పుతుందా?

వానలో_వీరుడు
అవునండి. తల మొత్తం కప్పే రబ్బరు మాస్క్, దాని మీద వానకి హుడ్.

తెల్లకర్ర
ఇంకేం, రోగం దొరికింది. కుడా ఎడమా అన్నది రెండు చెవుల మధ్య తేడాతో తెలుస్తుంది. ముందా వెనకా, పైనా కిందా అన్నది మాత్రం చెవి డొప్ప ఆకారం చెప్తుంది. డొప్పని రబ్బరుతో మూసి, దాని మీద వాన చినుకులు టపటపలాడే గుడ్డ కప్పి, వినపడట్లేదంటే ఎలా? చెవుల దగ్గర కోసెయ్యి. హుడ్ తీసి టోపీ పెట్టు. చప్పుడు ఎటునుంచో తెలియకపోతే తల ఒకసారి అటూ ఇటూ తిప్పు, అప్పుడు ముందో వెనకో తేలిపోతుంది. నేను రోడ్డు దాటే ముందు రోజూ చేసే పనే అది.

కళ్ల దగ్గర రంధ్రాలు ఎంత ఉన్నాయో కూడా ఎవరి చేతైనా కొలిపించుకో.

చీకటి_కెమెరా
ఇది నాకు ఎందుకు తట్టలేదు! చేతులు రెండూ పక్కలకి చాపి, వేళ్లు ఆడిస్తూ మెల్లగా ముందుకి తీసుకురా. ఎక్కడ కనిపించాయో చూడు. మాస్క్ లేకుండా ఒకసారి, పెట్టుకుని ఒకసారి.

వానలో_వీరుడు
ఇప్పుడే చేశా. లేకుండా దాదాపు భుజాల వరసలోనే కనిపిస్తున్నాయి. పెట్టుకుంటే చేతులు బాగా ముందుకొచ్చే దాకా లేవు. ఆ రెండో మనిషి నా ఎడమ పక్కనే ఉన్నాడు. గుర్రానికి గంతలు కట్టినట్టు తిరుగుతున్నానన్నమాట, మూడు నెలలుగా.

గోదారి_గట్టు
నేను మొదటే అడిగా, మాస్క్ ఎందుకని.

కటా_కిరణ్
మీరందరూ పరికరాల దగ్గర ఆగిపోతున్నారు. మనసు సంగతి? జెఫ్ కూపర్ అనే అమెరికా తుపాకీ శిక్షకుడు చెప్పిన రంగులు నేర్చుకో బ్రదర్, ఎంత అప్రమత్తంగా ఉన్నావో చెప్పేవి. తెలుపు అంటే పరాకు. పసుపు అంటే నిబ్బరంగా, గమనిస్తూ. నారింజ అంటే ఫలానా చోట ఏదో తేడా ఉంది. ఎరుపు అంటే ఇక రంగంలోకి దిగడమే. నువ్వు తెలుపులో తిరుగుతున్నావు. పెట్రోలింగ్ అంటే రాత్రంతా నారింజలో ఉండాలి.

నైట్‌షిఫ్ట్_నర్సు
రాత్రంతా నారింజా? పన్నెండు గంటల షిఫ్ట్‌లో అలా ఉన్నవాళ్లని చూశాను. తెల్లవారుజాము నాలుగింటికి మందు పేరు రెండుసార్లు చదివినా తప్పే చదువుతారు. పసుపు చాలు. ఆ కూపర్ గారు కూడా రోజువారీకి పసుపే చెప్పారు కదా.

గుండె దడ పెరిగితే చూపు గొట్టంలోంచి చూసినట్టవుతుంది, చప్పుళ్లు దూరంగా పోతాయి. నాలుగు లెక్కపెడుతూ పీల్చు, నాలుగు ఆపు, నాలుగు వదులు, నాలుగు ఆపు. ఇంట్లో సోఫా మీద కాదు, మెట్లు పరుగెత్తి ఎక్కి, రొప్పుతూ చెయ్యి. అప్పుడే పనికొస్తుంది.

బెల్‌టౌన్_బాబాయ్
పదిహేనేళ్ల పైనుంచి సియాటెల్‌లో ఉన్నాను. ఈ కుర్రాడి ఊళ్లో నారింజ కథ ఒకటి ఉంది, చెప్పాలి.

ఫీనిక్స్ జోన్స్ అని ఒకాయన ఉండేవాడు. నలుపు, బంగారు రంగుల రబ్బరు సూట్, లోపల బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా. రెయిన్ సిటీ సూపర్‌హీరో మూవ్‌మెంట్ అని పెట్టి రాత్రుళ్లు తిరిగేవాళ్లు. 2011 అక్టోబరులో ఒక రాత్రి రోడ్డు మీద జనం గుంపుగా కనబడ్డారు. కొట్టుకుంటున్నారని ఈయన పరుగెత్తుకెళ్లి వాళ్ల మీద పెప్పర్ స్ప్రే కొట్టాడు. పోలీసులు రాసుకున్నదేమో వాళ్లు క్లబ్ నుంచి డాన్సులు చేసుకుంటూ సరదాగా వస్తున్నారని! వాళ్లలో ఒకావిడ చెప్పు తీసి ఈయన్ని బాదింది కూడా, వీడియో ఉంది. అరెస్ట్ చేశారు. చివరికి ప్రాసిక్యూటర్లు కేసు పెట్టలేదు. కోర్టులో మాస్క్ తీయాల్సి వచ్చింది, బయటికొచ్చాక తనే పేరు చెప్పుకున్నాడు. 2014లో ఆ బృందం మూతబడింది.

నిజంగా కొట్లాటేనని ఆయన ఎప్పుడూ అంటూనే ఉన్నాడు. ఎవరిది నిజమో నాకు అనవసరం. ఒకే దృశ్యం, ఒకరికి కొట్లాట, ఇంకొకరికి డాన్స్. మన కుర్రాడిది దానికి తిరగేసిన కథ, ప్రాణం పోతుంటే గురక అనుకున్నాడు.

పెసరట్టు_ఉప్మా
మా బావ పెళ్లి బరాత్ చూస్తే ఆ జోన్స్ గారు ట్రక్కు నిండా స్ప్రే తెచ్చేవారు.

కటా_కిరణ్
అది ఆయన తప్పు, రంగులది కాదు.

నైట్‌షిఫ్ట్_నర్సు
తప్పు చేయనివాళ్లు ఎవరున్నారు కిరణ్ గారూ? బంతులు పాస్ చేసుకునే వీడియోలో గొరిల్లా నడిచిపోయే ప్రయోగం, 1999ది, అందరికీ తెలుసు. సగం మందికి అది కనిపించలేదు. 2013లో దాన్నే రేడియాలజిస్టుల మీద చేశారు. ఊపిరితిత్తుల స్కాన్‌లో గడ్డలు వెతకమని, అందులో గొరిల్లా బొమ్మ పెట్టారు. వాళ్లు మామూలుగా వెతికే గడ్డకి 48 రెట్లు. 24 మందిలో 20 మందికి కనిపించలేదు. చూపు ఎటు పోతోందో కూడా కొలిచారు, వాళ్లలో చాలామంది సరిగ్గా గొరిల్లా మీదే చూశారు! ఏళ్ల తరబడి కళ్లకి పని పెట్టినవాళ్లు వాళ్లంతా.

అందుకే గంటలూ పూలూ మంచివే గానీ, నేను వాటిని నమ్ముకోను. పడుకున్న ప్రతి మనిషి దగ్గరా ఆగి పలకరించడం అనే నియమం పెట్టుకుంటా.

పృచ్ఛకుడి_మనవడు
అక్కా, ఒప్పుకోను. నియమం గుర్తుకు రావాలన్నా ధారణ కావాలిగా? బెల్టులో స్ప్రే ఉండి కూడా గుర్తు రాలేదు ఈయనకి.

నైట్‌షిఫ్ట్_నర్సు
గుర్తుంచుకోవాల్సిన పని లేకుండా ఉండడానికే మాకు కాగితం ఇస్తారు బాబూ.

పృచ్ఛకుడి_మనవడు
అవధానికి కాగితం ఇస్తే జనం లేచి వెళ్లిపోతారు.

నైట్‌షిఫ్ట్_నర్సు
పేషెంట్ లేచి వెళ్లిపోతే మాకు సంతోషమే.

రిటైర్డ్_ఖాకీ
వరంగల్ వైపు ముప్పై రెండేళ్లు చేశాను. సూట్ మాది ఒకటే రంగు. రెండు మాటలు.

మనిషిని చూసినప్పుడు ఒక వరస పెట్టుకోవాలి. నేను కింది నుంచి పైకి చూసేవాడిని. దొంగ చొక్కా మారుస్తాడు, టోపీ పారేస్తాడు, చెప్పులు మార్చడానికి తీరిక ఉండదు. నడక అసలే మార్చలేడు. ఎత్తు అంకెల్లో ఊహించొద్దు, పక్కనున్న తలుపుతోనో కారుతోనో పోల్చి పెట్టుకో, తర్వాత టేపు పట్టి కొలవొచ్చు. రాత్రి బీటులో నేను కుక్కల్ని వినేవాడిని. తెలిసిన మనిషికి ఒకలా మొరుగుతాయి, కొత్తవాడికి ఒకలా. ఇది చెప్తే రాదు, తిరిగితే వస్తుంది.

రెండోది ముఖ్యం. చూసింది ఎవరితోనూ మాట్లాడకముందే రాసుకో. టీ బండి దగ్గర నలుగురు సాక్షులు కలిసి మాట్లాడుకున్నారంటే నలుగురూ ఒకే అబద్ధం చెప్తారు, అదీ నిజమని నమ్మి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్ అనే ఆవిడ చేసిన ప్రయోగం మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. ఒకే కారు ప్రమాదం సినిమా చూపించి, కొందరిని "కార్లు తగిలినప్పుడు వేగమెంత" అని, కొందరిని "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అని అడిగితే గంటకి 32 మైళ్ల దగ్గర నుంచి 41 దాకా మారింది. అడిగే మాటకే అంత మారితే, గ్రూప్ ఫొటో కింద కామెంట్లకి ఎంత మారాలి?

వానలో_వీరుడు
సార్, ఇది చదివాక భయమేస్తోంది. ఆ రెండో మనిషి పచ్చ జాకెట్ వేసుకున్నాడని ఇప్పుడు నాకు 'గుర్తొస్తోంది'. నేను చూడలేదు. ఆవిడ చెప్పింది.

రిటైర్డ్_ఖాకీ
చూశావా!

కరీంనగర్_కావ్య
హైదరాబాద్‌లో ఇట్లాంటి బృందం పెట్టొచ్చా? నలుగురం ఉన్నం, సూట్లు కుట్టించుకోవడం ఒక్కటే తరువాయి.

సెక్షన్_సుబ్బారావు
కుట్టించుకోండి, ఎవరూ ఆపరు. ఎవరినైనా పట్టుకుంటేనే లెక్క మొదలవుతుంది. మామూలు మనిషి అరెస్ట్ చేయడం గురించి బీఎన్‌ఎస్‌ఎస్‌లో (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 40వ సెక్షన్. మీ కళ్ల ముందు, నాన్ బెయిలబుల్, పైగా కాగ్నిజబుల్ (వారెంట్ లేకుండా పోలీసులు పట్టుకోగల) నేరం జరిగితేనే, లేదా వాడు కోర్టు ప్రకటించిన పరారీ నేరస్తుడైతేనే. పట్టుకున్నాక ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. ఏది బెయిలబులో అర్ధరాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మాస్క్ లోంచి మీకు తెలుస్తుందా? నాకే పుస్తకం చూస్తే గానీ తెలియదు.

అదే రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలినవాణ్ని ఆస్పత్రికి చేర్చారా, మోటారు వాహనాల చట్టం 134ఏ మీకు రక్ష. పేరు చెప్పమని బలవంతం చేయడానికి లేదు. మాస్క్ పెట్టుకున్నవాళ్లకి ఇంతకంటే నచ్చే సెక్షన్ లేదు.

కరీంనగర్_కావ్య
అయితే 108కి ఫోన్ చేసుడు, రక్తం కారకుండా ఒత్తి పట్టుకునుడు నేర్చుకుంటం. సూట్ తర్వాత చూద్దాం.

నైట్‌షిఫ్ట్_నర్సు
ఫోన్ చేయమని అడిగేటప్పుడు కూడా "ఎవరైనా ఫోన్ చేయండి" అని అరవకమ్మా. వేలు పెట్టి చూపించు: "నీలం చొక్కా అన్నా, నువ్వు చెయ్యి." 1968లో డార్లీ, లటానే చేసిన ప్రయోగంలో, మూర్ఛ వచ్చినవాణ్ని వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది సాయానికి లేచారు. ఇంకా నలుగురు వింటున్నారనుకుంటే 31 శాతం. జనం చెడ్డవాళ్లు కాదు, పని ఎవరిదో తెలియదు, అంతే.

పులివేషం_వారసుడు
గోదారి గట్టు గారు మాస్క్ ఎందుకని రెండుసార్లు అడిగారు, ఎవరూ జవాబివ్వలేదు. మా ఇంట్లో మూడు తరాలు దసరాకి పులివేషం కట్టారు. వేషం లేకపోతే మా నాన్న వీధిలో పెద్దగా దగ్గడానికి కూడా సిగ్గుపడేవాడు. రంగు పూస్తే వంద మంది మధ్య గెంతేవాడు. ఈ తమ్ముడు మామూలు చొక్కాలో ఆ గుమ్మం దాకా వెళ్లేవాడే కాదేమో. మెక్సికో సిటీలో సూపర్‌బారియో అని ఒకాయన 1987 నుంచి ఎరుపూ పసుపూ కుస్తీ మాస్క్‌తో అద్దెవాళ్ల తరఫున అధికారులతో మాట్లాడడానికి వెళ్లేవాడు. 1985 భూకంపం తర్వాత ఇళ్లు పోయినవాళ్లు. మామూలు మనిషైతే గేటు దగ్గరే ఆపుతారుగా.

కాకపోతే ఒకటి. పులికి డప్పు వినపడాలి. తలకాయ ఎంత బాగున్నా, డప్పు వినపడకపోతే నాన్న అది పెట్టుకునేవాడు కాదు.

గోదారి_గట్టు
ఇది బాగుంది. ఒప్పుకున్నా. వీసా సంగతి మాత్రం ఒప్పుకోను.

వానలో_వీరుడు
మూడు వారాల తర్వాత వస్తున్నా, పాత చర్చని మళ్లీ పైకి తెచ్చినందుకు ఏమీ అనుకోవద్దు.

మాస్క్ చెవుల దగ్గర కోసేశా. కళ్ల రంధ్రాలు పెద్దవి చేస్తే గుడ్లగూబలా ఉన్నానన్నారు, ఉండనీ. హుడ్ పోయి టోపీ వచ్చింది. ఫొటోలు చివర్లోనే. చెంచా ఆటకి రూమ్మేట్ ఒప్పుకున్నాడు, ఇప్పటికి చదివింది గుర్తుంటే మోతలు పోతున్నాయి, మోతలు గుర్తుంటే చదివింది పోతోంది. ఖాకీ సార్ చెప్పినట్టు జేబులో చిన్న పుస్తకం, వాన పడ్డా తడవనిది. నర్సక్క నియమం మొదటి పేజీలో రాసుకున్నా, మనవడు గారు క్షమించాలి.

పోయిన శుక్రవారం బస్టాపులో ఒకాయన గురక. ఆగా. పిలిచా. పలకలేదు. ఊపిరి లెక్కపెట్టా, బాగానే ఉన్నట్టుంది, అయినా పలకలేదు కదా. కణుపులతో రొమ్ము మీద రుద్దా. దిగ్గున లేచి, నా జన్మలో వినని బూతులు తిట్టి, నా సాక్సులు నా ముఖాన కొట్టాడు. నిజంగానే నిద్రపోతున్నాడు. ఆయన బూట్లు గోధుమరంగు, ఎడమ దానికి లేసు లేదు. పక్కన ఇంకెవరూ లేరు, రెండు వైపులా చూశా.

సరిగ్గా అప్పుడే అమ్మ వీడియో కాల్. ఇక్కడ రాత్రి పదంటే అక్కడ పొద్దున పదిన్నర. కంగారులో ఎత్తేశా, మాస్క్‌తోనే. ఒక కన్ను మూసుకుని.

నైట్‌షిఫ్ట్_నర్సు
తిట్లు తిన్నావంటే సరిగ్గా చేశావన్నమాట. మా వార్డులో రోజూ అవే. అమ్మ ఏమంది?

వానలో_వీరుడు
"కన్నుకేమైందిరా?" అంది.

పెసరట్టు_ఉప్మా
మాస్క్ సంగతి అడగలేదా! సరే, ఇప్పటికైనా చెప్పు, సూట్ ఎక్కడ కొన్నావ్?

వానలో_వీరుడు
కొనలేదండి. కిందటిసారి ఇంటికి వచ్చినప్పుడు మా వీధి టైలర్ దగ్గర కుట్టించా. కంపెనీలో నాటకం అని చెప్పా. నడుం దగ్గర రెండంగుళాలు వదులు పెట్టాడు, "అమెరికా తిండి కదా బాబూ" అని.